సంఘ పరిచర్యలో ఫోను, లైవు, క్యూఆర్ కోడ్: ఏది సంఘం చేతిలో ఉండాలి?

పలమనేరు కార్యదర్శి:

అందరికీ వందనములు. మాది పలమనేరు పరిసరాల్లోని ఒక పాత క్రైస్తవ సంఘం. పట్టణంలో మందిరం, చుట్టూ ఉన్న పల్లెల్లో చిన్న కూడికలు, అన్నీ కలిపి సుమారు 120 కుటుంబాలు. ఈ మధ్య బదిలీపై వచ్చిన కొత్త అయ్యగారు (సంఘ కాపరి) అడిగిన ఒక ప్రశ్నకు కమిటీలో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. సంఘం పేరుతో నడుస్తున్న వాట్సాప్ గ్రూపు, యూట్యూబ్ చానెల్, కానుకల క్యూఆర్ కోడ్ ఎవరి పేరు మీద ఉన్నాయని ఆయన అడిగారు.

విచారిస్తే గ్రూపు పాత అయ్యగారి సొంత నంబరుతో మొదలైందని, ఆయన వేరే పాస్టరేటుకు వెళ్లిపోయినా నేటికీ ఆయనే అడ్మిన్ అని తేలింది. చానెల్ ఒక యవ్వనస్థుని సొంత జీమెయిల్‌తో తెరిచినది, అతను ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. మందిరం గుమ్మం దగ్గర అంటించిన క్యూఆర్ కోడ్ ఒక సంఘపెద్ద సేవింగ్స్ ఖాతాది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ ఆదివారం నాడే వచ్చింది, వెంటనే లాక్‌డౌన్ మొదలైంది, ఆ ఏడు మట్టల ఆదివారం నుంచి ఈస్టరు దాకా అన్నీ ఇళ్లలోనే జరుపుకున్నాము. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరుచుకోవచ్చని కేంద్రం చెప్పేలోపు ఎవరి చేతికి ఏది అందితే దానితో పరిచర్యను నెట్టుకొచ్చాము. అవసరానికి పెట్టుకున్న ఆ ఏర్పాట్లే నేటికీ శాశ్వత ఏర్పాట్లుగా నిలిచిపోయాయి.

గ్రూపు సంగతి వేరే చెప్పనక్కరలేదు. శుభోదయం బొమ్మలు, ప్రార్థన మనవులు, భూస్థాపన కబురు, టమాటా ధర, కమిటీలో మాటా మాటా అనుకున్నది, అన్నీ ఒకే చోట పడుతున్నాయి. వీటన్నిటికీ రాతపూర్వకమైన ఒక పద్ధతి పెట్టుకుందామని అయ్యగారు అంటున్నారు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల సంఘాలలో ఎవరు ఏ విధంగా నడుపుకుంటున్నారో తెలియజేయగలరని మనవి.

తిరుపతి కోశాధికారి:

వందనములు కార్యదర్శిగారూ. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడిని కనుక కానుకల విషయం నుంచే మొదలుపెడతాను. మిగిలిన రెండూ ఒక నెల ఆగినా నష్టం లేదు కానీ, ఆ పెద్దగారి సొంత ఖాతా కోడ్‌ను ఈ ఆదివారం లోపలే తీసివేయించండి. ఆయన ఎంత నమ్మకస్థుడైనా సరే. కానుకలు ఆయన ఖాతాలో పడినంతకాలం ఆదాయపు పన్ను శాఖ దృష్టిలో ఆ సొమ్ము ఆయనదే. రేపు ఆయనకు జరగరానిది జరిగితే ఆ ఖాతా నామినీకి, వారసులకు పోతుంది, అప్పుడు సంఘం వెళ్లి ఏమని అడుగుతుంది?

సంఘానికి లేదా మీ సొసైటీకి పాన్ ఉండాలి, ఆ పేరు మీద ఖాతా ఉండాలి, ఇద్దరి సంతకాలతో నడవాలి. కోడ్ ఆ ఖాతాకే తీసుకోవాలి. స్కాన్ చేసినప్పుడు ఫోను తెర మీద సంఘం పేరు కనిపించాలి తప్ప ఏ వ్యక్తి పేరూ కనిపించకూడదు. మా మందిరంలో ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు ఒకరు ఆ కోడ్‌ను స్కాన్ చేసి పేరు సరిచూస్తారు, ఎందుకంటే అసలు కోడ్ మీద మరొక స్టిక్కరు అంటించి పోయే మోసగాళ్లు అంగళ్ల దగ్గరే కాదు, ఇక్కడ కూడా ఉంటారు. డబ్బు రావడానికి పిన్ నొక్కమని ఎవరైనా ఫోను చేస్తే అది మోసమేనని కానుకలు లెక్కించే పెద్దలందరికీ చెప్పి ఉంచండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కరలేదు.

ఇక మన జిల్లాల నుంచి కువైట్‌కు వెళ్లినవారు చాలామంది ఉన్నారు, అమెరికాలో స్థిరపడినవారూ ఉన్నారు. భారత పాస్‌పోర్టుతోనే ఉండి తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేవారి కానుక విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు మన ఊరి బిడ్డలే అయినా వారు ఇచ్చేది 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్ లేని సంఘం దానిని తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా, 2020 సవరణ తరువాత న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతా ద్వారానే తీసుకోవాలి. మీ కోడ్‌ను ఎవరో ఫోటో తీసి న్యూజెర్సీ బంధువులకు పంపే రోజు తప్పక వస్తుంది కనుక ఈ మాట ముందే చెబుతున్నాను. పన్ను మినహాయింపు రసీదు ఇస్తామని కూడా ఎవరికీ మాట ఇవ్వకండి. కేవలం మతపరమైన కార్యక్రమాలు చేసే సంస్థకు ఆ మినహాయింపు వర్తించదు.

మరొక సంగతి ఉంది. కోడ్ వచ్చిందని కానుకల సంచిని ఆపేయకండి. మా పల్లె కూడికలలో తల్లులు ఇప్పటికీ ఇంట్లో వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం ఆ మూట తెచ్చి బల్ల ముందు పెడతారు. ఏ యాప్‌లోనూ దానికి లెక్క లేదు. మా పుస్తకంలో మాత్రం దానికి ఒక గడి ఉంది. నెలాఖరున లెక్కలు చదివినప్పుడు నగదు, ఆన్‌లైను, బియ్యం మూడూ ఒకే గొంతుతో చదువుతాము.

కుప్పం పెద్దాయన:

వందనములు. నేను ఈ సాధనాలకు విరోధిని కాను. మా చిన్నతనంలో సీషెల్స్ దీవుల నుంచి ఫీబా అనే క్రైస్తవ రేడియో వారి షార్ట్‌వేవ్ ప్రసారం కోసం సాయంత్రం రేడియో ముందు కూర్చునేవాళ్లము. 2003లో అది ఆగిపోయినప్పుడు బాధపడినవాళ్లలో నేనూ ఒకడిని. అయితే రేడియో వింటున్నాము గనుక ఆదివారం మందిరానికి రానక్కరలేదని ఆ రోజుల్లో ఎవరూ అనలేదు. ఇప్పుడు అంటున్నారు. మా వీధిలో ఇంటి నుంచి మందిరానికి పది నిమిషాల నడక, అయినా లైవులో చూశామంటున్నారు. చూడటం వేరు, కూడుకోవడం వేరు. కాపరి ఇంటికి వచ్చి ప్రార్థన చేసే అలవాటు తగ్గి, ఆ స్థానంలో చేతులు జోడించిన బొమ్మ ఒకటి ఫోనుకు వస్తోంది. నా అభ్యంతరం అంతా దాని మీదే.

శ్రీకాళహస్తి కాపరి:

పెద్దాయనగారికి వందనములు. మీరు చెప్పిన జబ్బు నిజమే కానీ, ఇంటికి వెళ్లడం మానేసిన కాపరి ఫోను లేకపోయినా మానేస్తాడని నా అభిప్రాయం. దీనికి రెండో వైపు కూడా చూడండి.

నా మందలో సగం మంది శ్రీసిటీ కంపెనీలలో షిఫ్టు పని చేసేవారు. ఆదివారం ఉదయం డ్యూటీలో ఉన్నవానికి ఆ రాత్రి గదికి వచ్చి వాక్యం వినే వీలు ఉంటే ఆ వారం సంఘంతో సంబంధం తెగదు. చిత్తూరు వైపు మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలకు రాత్రి పనికి పోయే అక్కచెల్లెళ్ల సంగతీ అంతే. పలమనేరువారికి నేను చెప్పనక్కరలేదు, కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న పల్లెల్లో ఏనుగులు తిరిగే రోజుల్లో చీకటి పడితే ఎవరూ గడప దాటరు. అటువైపు సేవచేసే మిత్రుడు ఒకరు ఆ రాత్రులలో కుటుంబ ప్రార్థనను ఫోనులోనే నడుపుతారు. అక్కడ సిగ్నలు అంతంతమాత్రం కనుక వీడియో జోలికి పోకుండా, కీప్యాడ్ ఫోనుతో కూడా అందుకోగలిగే మామూలు కాన్ఫరెన్స్ కాల్ పెడతారు. ఒక్కో కాల్‌లో నాలుగైదు ఇళ్లు కలుస్తాయి, అయిపోగానే మరో నాలుగైదు ఇళ్లకు చేస్తారు. జూమ్‌లో అయితే ఉచిత ఖాతాకు 40 నిమిషాలకు సమావేశం ఆగిపోతుంది, పైగా ఆ ముసలితల్లులకు లింకు నొక్కడం రాదు.

గ్రూపు విషయంలో మేము చేసింది ఇది. సంఘానికి ప్రకటనల కోసం ఒక గ్రూపు ఉంది, అందులో అడ్మిన్‌లు మాత్రమే రాయగలరు. ఆరాధన వేళ, కూడికల మార్పు, భూస్థాపన, ఇవి తప్ప మరొకటి అందులో రాదు. మాట్లాడుకోవడానికి ఏ కూడికకు ఆ కూడిక గ్రూపు ఉంది. బ్రాడ్‌కాస్ట్ జాబితా ఒకటి కొంతకాలం వాడాము కానీ, మన నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికి తప్ప మిగిలినవారికి అది చేరదు. పల్లెల్లో సగం మంది చేసుకోరు, చేరిందనుకుని మనం కూర్చుంటాము. చదువు రానివారి కోసం ప్రతి ప్రకటననూ ఒక నిమిషం లోపు గొంతుతో కూడా పంపుతాను. ఇంకా కొందరు మిగులుతారు, వారి పేర్లు నా డైరీలో ఉన్నాయి, వారికి పొరుగింటివారు చెబుతారు.

గ్రూపులో చేయకూడనివి కూడా కమిటీలో కూర్చుని తీర్మానించుకున్నాము. మరణవార్త ముందుగా గ్రూపులో పడకూడదు. దగ్గరి బంధువులకు ఫోనులో చెప్పి, వారు సరే అన్న తరువాతే పడాలి. ఎవరినీ గ్రూపులో మందలించకూడదు, రెండు వారాలు రానివారి గురించి అందులో అడగకూడదు. నీలి టిక్కులు చూసి, చదివి కూడా జవాబు ఇవ్వలేదని మనుషులను లెక్కగట్టే పెద్దలు కొందరు ఉంటారు. విడి మెసేజులలో ఆ టిక్కులను నేను నా ఫోనులో ఆపేశాను, చాలా ప్రశాంతంగా ఉంది.

చిత్తూరు స్త్రీల సమాజం:

అయ్యగారికి, అన్నలందరికీ వందనములు. నేను నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నదానిని. ప్రార్థన మనవుల గురించి ఎవరూ గట్టిగా మాట్లాడకపోవడం చూసి రాస్తున్నాను.

చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకి, తిరుపతిలో రుయాకు, స్విమ్స్‌కు మన సంఘాలవారు తరచుగా పోతుంటారు. తిరిగి వచ్చేలోపే ఎవరో ఒకరు ఆ రిపోర్టును ఫోటో తీసి "ప్రార్థించండి" అని గ్రూపులో పెడతారు. ఆ కాగితం మీద పేరు, వయసు, ఆసుపత్రి నంబరు, జబ్బు పేరు, వాడుతున్న మందు అన్నీ ఉంటాయి. పెట్టినవారిది ప్రేమే. కానీ గ్రూపులో ఉన్న మూడు వందల మందిలో ఒకరు దానిని తమ బంధువుల గ్రూపుకు పంపితే చాలు. పెళ్లి కుదిరిన ఒక ఆడపిల్ల మూర్ఛ మందుల చీటీ ఇలాగే తిరిగి తిరిగి అబ్బాయి తరఫువారి ఫోనుకు చేరింది, సంబంధం అక్కడితో ఆగిపోయింది. హెచ్‌ఐవి ఉన్నవారి సంగతి అయితే, వారి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టమే నిషేధించింది.

మా సమాజంలో మనవి నేరుగా గ్రూపుకు పోదు. ఇద్దరు అక్కల నంబర్లు ఇచ్చాము, మనవి ఉన్నవారు వారికి ఫోను చేస్తారు. వారు ముందుగా అడిగేది ఒక్కటే: "అమ్మా, ఇందులో ఎంతవరకు చెప్పమంటావు?" ఆమె పేరు వద్దంటే "మన సహోదరి ఒకరికి గురువారం ఆపరేషను ఉంది" అన్నంత మాత్రమే గ్రూపులో రాస్తాము. రిపోర్టు ఫోటో ఎవరు పెట్టినా అడ్మిన్ వెంటనే తొలగిస్తుంది. వెంటనే అని ఎందుకు అంటున్నానంటే, పెట్టినవారే దానిని అందరి ఫోనుల నుంచి తీసివేయడానికి వాట్సాప్ ఇచ్చే గడువు రెండు రోజుల పైచిలుకు మాత్రమే, అప్పటికే గ్యాలరీలో దిగిపోయినవాటిని ఎవరూ తీయలేరు. ఆపరేషను అయ్యాక మాలో ఇద్దరు వెళ్లి చూసి వస్తారు. పెద్దాయనగారు అడిగిన ఇంటి దర్శనం ఇదే కదా.

కుప్పం పెద్దాయన:

అవునమ్మా, అడిగింది ఇదే. ఈ పద్ధతి మా సంఘంలో చెబుతాను.

పుత్తూరు మిక్సరు:

పెద్దలందరికీ వందనములు. నేను మా మందిరంలో మైకు సెట్టు, లైవు చూసుకుంటాను. కార్యదర్శిగారి చానెల్ సమస్యకు పరిష్కారం ఉంది, కొత్త చానెల్ తెరవనక్కరలేదు.

బెంగళూరు తమ్ముడిని మంచిమాటతో అడిగి, ఆ చానెల్‌ను బ్రాండ్ ఖాతాగా మార్పించండి. అలా మార్చిన చానెల్‌కు ఒకరికంటే ఎక్కువ మంది యజమానులు ఉండవచ్చు. సంఘం పేరుతో ఒక కొత్త జీమెయిల్ తెరిచి దానిని యజమానిగా చేర్పించి, వారం ఆగాక దానినే ప్రధాన యజమానిగా మార్చమనండి. ఆ ఏడు రోజులు గడవకుండా యూట్యూబ్ ఒప్పుకోదు. తరువాత అతను కావాలంటే మేనేజరుగా కొనసాగవచ్చు. దూరంగా ఉన్నా థంబ్‌నెయిల్స్ అతనే చేసిపెట్టగలడు, అతన్ని ఊరికే పక్కన పెట్టేయకండి.

లైవు గురించి నా మొదటి మాట బొమ్మ గురించి కాదు, శబ్దం గురించి. చాలా చోట్ల ముందు బెంచీ మీద స్టాండు పెట్టి ఫోను నిలబెడతారు. ఆ ఫోనుకు వినబడేది వాక్యం కాదు, పైన తిరిగే ఫ్యాను, రేకుల కప్పు మీద కొట్టుకుని వచ్చే ప్రతిధ్వని, వెనుక ఏడ్చే పసిబిడ్డ. ఇంటి దగ్గర చెవి సరిగా వినపడని పెద్దవారు ఐదు నిమిషాలకే ఆపేస్తారు. మిక్సరు నుంచి ఆక్స్ అవుట్ (శబ్దాన్ని వేరుగా బయటికి తీసుకునే దారి) తీసుకుని, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (ఆ శబ్దాన్ని ఫోనుకు అందించే పెట్టె) ద్వారా ఫోనుకు ఇవ్వండి. మందిరంలో వినిపించే స్థాయి వేరు, లైవుకు పోయే స్థాయి వేరు, రెండిటినీ ఒకే నాబ్‌తో నడపకూడదు. మందిరంలో డ్రమ్ము, కీబోర్డు తమంతట తామే గట్టిగా వినిపిస్తాయి గనుక స్పీకరులో వాటిని తగ్గిస్తాము. అదే మిశ్రమాన్ని లైవుకు పంపితే పాటలో వాయిద్యం మాయమై పాడేవారి గొంతు ఒక్కటే మిగులుతుంది. అందుకే ఆక్స్‌లో వాయిద్యాలను వేరుగా పెంచాలి, ఇంకొక మైకును సంఘం వైపు తిప్పి కొంచెం కలపాలి. "ఆమేన్" వినబడకపోతే ఇంట్లో ఉన్నవారికి ఖాళీ మందిరం చూస్తున్నట్టు ఉంటుంది.

ఇంటర్నెట్టు డౌన్‌లోడ్ వేగం చూసి మురిసిపోకండి, లైవుకు కావలసింది అప్‌లోడ్. 720పీ బొమ్మకు 4 ఎంబీపీఎస్ నికరంగా నిలబడాలి. రూటరును కూడా ఇన్వర్టరుకు కలపండి, కరెంటు పోతే మైకు బతికి ఉండి లైవు చచ్చిపోవడం మా దగ్గర చాలాకాలం జరిగింది. కొత్త చానెల్‌లో లైవు అనుమతి వచ్చేందుకు 24 గంటల దాకా పడుతుంది. ఫోను నుంచే లైవు చేయాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఇవన్నీ మొదలుపెట్టకండి.

కెమెరా వేదిక మీదే ఉంటుంది, సంఘం ముఖాల మీదికి తిరగదు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే) వేళ లైవు ఆపేస్తాము. సాక్ష్యాలు చెప్పేవారిని ముందే అడుగుతాము, వద్దంటే ఆ కాసేపు శబ్దం, బొమ్మ రెండూ ఆపుతాము.

నగరి టీచరు:

తమ్ముడు శబ్దం గురించి రాసినంత వివరంగా తెర మీది పాటల గురించి ఎవరైనా రాయాలి కనుక నేను రాస్తాను. పాత పాటల ఫైళ్లు చాలా సంఘాలలో అను ఫాంట్లలో టైపు చేసి ఉన్నాయి. అవి ఆ కంప్యూటరులోనే తెలుగు, మరో ల్యాప్‌టాప్‌లోకి మార్చితే పిచ్చి గీతలు. వాటిని ఒకసారి ఓపిగ్గా యూనికోడ్‌లోకి మార్చుకుంటే ఫోనులో, ప్రొజెక్టరులో, వాట్సాప్‌లో అన్నిచోట్లా పనిచేస్తాయి, ఒక పదం వెతికితే పాట దొరుకుతుంది. పాటలను తెర మీద చూపే ఓపెన్‌ఎల్‌పీ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది, దానిలో పెట్టుకోవచ్చు. మండలి, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లు తెర మీద దూరం నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తాయి. పంక్తుల మధ్య ఎడం మాత్రం బాగా పెంచండి. లేకపోతే "స్తోత్రము"లోని ఒత్తులు కింది పంక్తిలోని గుడి దీర్ఘాలను తాకి, వెనుక కూర్చున్న పెద్దవారికి రెండు పంక్తులూ ఒకే ముద్దగా కనిపిస్తాయి. తెరకు నాలుగు పంక్తులు మించకూడదు. మా నగరిలో తమిళం మాట్లాడే కుటుంబాలు సగం ఉన్నాయి కనుక పైన రెండు పంక్తులు తెలుగు, కింద రెండు పంక్తులు తమిళం వేస్తాము, పాడేటప్పుడు ఎవరి భాషలో వారు పాడుకుంటారు.

పాటల హక్కుల గురించి కూడా ఒక మాట. ఆరాధనలో పాట పాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం అడ్డు చెప్పదు. దానిని రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం వేరే సంగతి. రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. వందేళ్లు దాటిన పాత కీర్తనల సాహిత్యానికి చాలావరకు ఆ బెంగ లేదు కానీ, వాటికి ఎవరో ఈమధ్య చేయించిన ట్రాకును వెనుక వాయిస్తే యూట్యూబ్ దానిని గుర్తుపట్టి అభ్యంతరం చెబుతుంది. మన కీబోర్డు వాయించే తమ్ముడు సొంతంగా వాయిస్తే సరిపోతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది సండే స్కూలు. మా సండే స్కూలు గ్రూపులో పిల్లల నంబరు ఒక్కటి కూడా ఉండదు, తల్లిదండ్రుల నంబర్లే ఉంటాయి. ఏ టీచరూ ఏ పిల్లతోనూ, పిల్లవాడితోనూ విడిగా చాటింగ్ చేయకూడదు. వేసవి బైబిలు బడి (వీబీఎస్)లో ఫోటోలు తీసేముందు తల్లిదండ్రుల సంతకం తీసుకుంటాము, పిల్లల పేర్లు ఫోటో కింద రాయము. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి అంటోంది. ఏ పిల్లైనా తనకు జరిగిన హాని గురించి ఎవరికైనా మెసేజ్ పెడితే, దానిని కమిటీలో పెట్టి సర్దుబాటు చేసే పని ఎవరూ పెట్టుకోకండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి తెలిసినవారు పోలీసులకు తెలియజేసి తీరాలి, దాచిపెడితే అదే నేరం. పిల్లల సహాయం కోసం ఉన్న 1098 ఫోను నంబరు మా తరగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

మదనపల్లె వకీలు:

టీచరుగారు చివర చెప్పినదానికి నేను చేర్చవలసింది ఏమీ లేదు, అది యథాతథంగా పాటించండి. నేను కమిటీ నిర్ణయాల గురించి చెబుతాను.

మీ సంఘం గాని, దాని సొసైటీ గాని 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, సమావేశానికి నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో, కోరం (ఉండవలసిన కనీస హాజరు) ఎంతో మీ నిబంధనావళిలోనే ఉంటుంది. పెద్ద సంస్థకు చెందిన సంఘమైతే ఆ సంస్థ రాజ్యాంగం చూడాలి. ఏదైనా సరే, "గ్రూపులో పెట్టాము, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు" అన్నది తీర్మానం కాదు. మౌనం అంగీకారం కాదు, సిగ్నలు లేకపోవడం కూడా కావచ్చు. గ్రూపులో చర్చించుకోండి, నోటీసు కాపీ పెట్టుకోండి, కానీ నిర్ణయం సమావేశంలో జరిగి మినిట్స్ పుస్తకంలోకి ఎక్కి సంతకాలు పడాలి. పెద్దల ఎన్నికకు వాట్సాప్ పోల్ పెట్టారని ఈమధ్య ఒకచోట విన్నాను. అందులో ఎవరు ఎవరికి వేశారో అందరికీ కనిపిస్తుంది. అయ్యగారి ఎదుట చేయి ఎత్తించి ఓటు అడిగినదానికి, దానికి తేడా లేదు.

సభ్యుడు పెట్టిన ప్రతి మెసేజికీ అడ్మిన్ బాధ్యుడు కాడని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. దానిని చూసి అడ్మిన్‌లు నిద్రపోవలసిన పని లేదు. ఇతరుల విశ్వాసాన్ని కించపరిచేది ఏది కనిపించినా వెంటనే తీసివేయండి. మనం తిరుపతి చుట్టుపక్కల ఉన్నాము, ఇక్కడ ప్రతి మాటకూ బరువు ఎక్కువ. తిరుమలలో అన్యమత ప్రచారాన్ని 2007 నాటి చట్టం నిషేధించింది. యవ్వనస్థులు కొండ మీదికి ఏ పని మీద వెళ్లినా అక్కడ నిలబడి పరిచర్య వీడియోలు, స్టేటస్‌లు తీయకూడదని స్పష్టంగా చెప్పండి. అది చట్టం కోసమే కాదు, ఇరుగుపొరుగు కోసం కూడా. వాక్యంలోంచి అరనిమిషం ముక్క కోసి షార్ట్‌గా వదిలేముందు, ముందువెనుక మాటలు లేకుండా అది పరాయివాడికి ఎలా వినబడుతుందో ఆలోచించండి. లైవు పెడుతున్నాము కదా అని బయట హారన్ స్పీకర్లు పెంచకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు పెట్టకూడదు, నివాస ప్రాంతాలలో పగటి పరిమితి 55 డెసిబెల్స్ మాత్రమే.

పుత్తూరు మిక్సరు:

వకీలుగారూ, షార్టుల విషయం ఒప్పుకుంటాను. వాటిని ఇకమీదట అయ్యగారు చూశాకే పెట్టమని మా యవ్వనస్థులకు చెబుతాను. అయ్యగార్లను ఒకటి అడగాలని ఉంది. ప్రసంగం సిద్ధపడటానికి చాట్‌జీపీటీ వాడవచ్చా? మా స్నేహితుల సంఘంలో ఒకరు వాడుతున్నారు.

శ్రీకాళహస్తి కాపరి:

తమ్ముడూ, నేను దానిని కూడికల పట్టిక తయారు చేయడానికి, కలెక్టరాఫీసుకు అర్జీ రాయడానికి వాడాను, చక్కగా చేసింది. ప్రసంగానికి ఒకసారి అడిగి చూశాను. లేని వచనాన్ని అధ్యాయం, వచనం సంఖ్యతో సహా ఎంతో ధీమాగా ఇచ్చింది. బైబిలు తెరిచి చూడకుండా చెప్పి ఉంటే సండే స్కూలు పిల్లవాడే లేచి అడిగేవాడు. అంతకుమించిన సంగతి ఏమంటే, ఈ వారం నా సంఘంలో ఎవరింట్లో చావు జరిగిందో, ఎవరి పంట పోయిందో దానికి తెలియదు. చెప్పాలంటే ఆ సంగతులన్నీ నేను దానిలో టైపు చేయాలి. స్త్రీల సమాజం అక్క పైన రాసింది చదివిన తరువాత ఆ పని చేయబుద్ధి కావడం లేదు.

చిత్తూరు స్త్రీల సమాజం:

వందనములు అయ్యగారూ. మరొక హెచ్చరిక. అయ్యగార్ల ఫోటో పెట్టుకుని కొత్త నంబరు నుంచి "అత్యవసరంగా ఆసుపత్రిలో ఉన్నాను, కొంచెం పంపండి" అనే మెసేజులు సంఘాలలో తిరుగుతున్నాయి. మన తల్లులు ఆలోచించకుండా పంపేస్తారు. "అయ్యగారు డబ్బు ఎప్పుడూ మెసేజిలో అడగరు" అని మందిరంలో నోటితో ప్రకటన చేయించండి. పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేయాలి, ఆలస్యమైతే డబ్బు వెనక్కి రావడం కష్టం.

పలమనేరు కార్యదర్శి:

అందరికీ హృదయపూర్వక వందనములు. మీరు రాసినవన్నీ ప్రింటు తీసి కమిటీ ముందు పెట్టాము. పెద్దగారు ఏ మాటా అనకుండా తన కోడ్‌ను ఆయనే పీకేశారు, ఇంతవరకు వచ్చినదానికి స్టేట్‌మెంటు కూడా తెచ్చి ఇచ్చారు. సొసైటీ ఖాతాకు కొత్త కోడ్ కోసం బ్యాంకులో దరఖాస్తు ఇచ్చాము. బెంగళూరు తమ్ముడు చానెల్ మార్చడానికి ఒప్పుకున్నాడు. ప్రకటనల గ్రూపుకు సంఘం పేరుతో కొత్త సిమ్ తీసుకుందామనుకుంటున్నాము, పాత అయ్యగారు కూడా సంతోషంగా దిగిపోతానన్నారు. ఆ సిమ్ ఎవరి దగ్గర ఉండాలన్న దానిపై మాత్రం కమిటీలో ఇంకా తేలలేదు. అయ్యగారి దగ్గరే ఉండాలని కొందరు, కార్యదర్శి దగ్గర ఉండాలని కొందరు అంటున్నారు.

తిరుపతి కోశాధికారి:

ఇద్దరి దగ్గరా వద్దు. ఇద్దరూ మారేవారే. ఒక చవక ఫోను కొని సిమ్‌ను అందులో వేసి, ఆ ఫోనును లెక్కల పుస్తకాలున్న బీరువాలో పెట్టండి. అయ్యగారు, కార్యదర్శి, స్త్రీల సమాజం తరఫున ఒకరు, ముగ్గురినీ వారి వారి నంబర్లతో అడ్మిన్‌లుగా చేయండి, రోజువారీ పని వారు చూస్తారు. బీరువాలోని నంబరు కూడా అడ్మిన్‌గా ఉంటుంది, అది సంఘానిది. వాట్సాప్‌లో ఆరంకెల పిన్ పెట్టి, దానిని, జీమెయిల్ పాస్‌వర్డును ఒక కాగితం మీద రాసి కవరులో సీలు చేసి, కవరు మీద ఇద్దరు సంతకం చేసి ఉంచండి. కమిటీ మారిన రోజున మినిట్స్‌తో పాటు కవరు కూడా చేతులు మారాలి, కొత్తవారు పిన్ మార్చుకోవాలి. ఒకటి మరిచిపోకండి, సిమ్‌ను 90 రోజులు వాడకుండా వదిలేస్తే కంపెనీ నంబరును రద్దు చేసి మరొకరికి ఇచ్చే వీలు ఉంది. 120 రోజులు తెరవకపోతే వాట్సాప్ ఖాతా కూడా పోతుంది. నెలనెలా లెక్కలు చదివే ఆదివారం ఆ ఫోనును చార్జింగ్ పెట్టి, ఒక కాల్ చేసి, రీచార్జి గడువు చూసి మళ్లీ లోపల పెట్టండి.

పుత్తూరు మిక్సరు:

కార్యదర్శిగారూ, వచ్చే శనివారం నేను పలమనేరు వైపు వస్తున్నాను. మీ మిక్సరు వెనుక భాగం ఫోటో ఒకటి పంపితే ఏ వైరు కావాలో చూసి తిరుపతిలోనే కొని తెస్తాను. రసీదు సొసైటీ పేరుతో రాయిస్తాను.